కుందేలు సంరక్షణ, 5వ పాఠం: ఆపరేషన్ రోజు మన చేతిలో ఉన్నది

పోయిన పాఠంలో కుందేలును బెదరకుండా ఎత్తుకోవడం, తూకం వేయడం నేర్చుకున్నాం. పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్ రోజుకు ఆ తూకం దగ్గర పెట్టుకోండి. మత్తుమందు మోతాదు దాన్ని బట్టే ఉంటుంది.

మత్తు గురించి మీకున్న టెన్షన్ వట్టి భయం కాదు. 2008లో బ్రిటన్‌లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, మత్తు ఇచ్చిన ఆరోగ్యమైన కుందేళ్లలో 0.73 శాతం చనిపోయాయి. ఆరోగ్యమైన కుక్కల్లో అది 0.05 శాతమే. అయితే కుందేళ్లలో ఎక్కువ మరణాలు ఆపరేషన్ బల్ల మీద కాదు, తర్వాత జరిగాయి. అందుకే ఈ పాఠమంతా ఆ 'తర్వాత' గురించే.

కుందేలు పేగులు ఆగకుండా కదులుతూ ఉండాలి. నొప్పి, భయం, ఖాళీ కడుపు, ఈ మూడింటిలో ఏదైనా వాటిని ఆపేస్తుంది. కుక్కను రాత్రంతా పస్తు ఉంచినట్టు కుందేలును ఉంచకూడదు. అది వాంతి చేసుకోలేదు కాబట్టి ఆ అవసరమే లేదు. ఎండుగడ్డి చివరిదాకా అందుబాటులో ఉండాలి. ఆసుపత్రిలో "రాత్రి నుంచి ఏమీ పెట్టకండి" అన్నారంటే, వాళ్లు కుందేళ్లకు ఎన్ని ఆపరేషన్లు చేశారో అడగండి. మొహమాటపడకండి.

ఇంటికి తెచ్చాక వెచ్చగా ఉంచండి. వేడినీళ్ల సీసాను బట్టలో చుట్టి ఒక పక్కన పెట్టండి, వేడెక్కితే జరగడానికి చోటుండాలి. కింద రంపపు పొట్టు వద్దు, కుట్లకు అంటుకుంటుంది. శుభ్రమైన తువ్వాలు చాలు. ఇష్టమైన ఆకులు మూతి దగ్గరే పెట్టండి.

కుందేలు నొప్పిని దాచుకుంటుంది. మూలకు ఒదిగి కూర్చోవడం, కళ్లు సగం మూయడం, పళ్లు గట్టిగా కొరకడం, ఇవే దాని మూలుగులు. బాగానే ఉన్నట్టు కనిపించినా డాక్టరు రాసిన నొప్పి మందు మానకండి. 12 గంటలు గడిచినా తినకపోతే, పెంటికలు రాకపోతే, తెల్లారనీ అని ఆగకండి, వెంటనే ఫోన్ చేయండి. ఒక మాట: నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్, పెన్సిలిన్ కుందేలు ప్రాణం తీయగలవు. ఇంట్లో మిగిలిన మాత్రలు వేయనే వద్దు.

ఇంత ప్రమాదం ఉన్నప్పుడు ఎందుకు చేయించాలి? ఆడ కుందేలు విషయంలో నాకు సందేహమే లేదు. వయసు పెరిగేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ వాటిలో చాలా మామూలు, ఈ ఆపరేషన్ దాన్ని రానివ్వదు. మగదానికి ఆపరేషన్ తేలిక. కానీ ఆ తర్వాత కూడా 4 నుంచి 6 వారాలు ఆడదానికి దూరంగానే ఉంచాలి, అన్నాళ్లూ కడుపు చేయగలదు.

ఈ వారం అభ్యాసం: మూడు రోజులు పొద్దున్నే పెంటికలు చూడండి. ఎన్ని, ఎంత పెద్దవి, ఎంత గుండ్రంగా ఉన్నాయో రాసుకోండి. మీ కుందేలుకు మామూలు ఏదో తెలిస్తేనే, ఆపరేషన్ రాత్రి తేడా పట్టుకోగలరు. వచ్చే పాఠంలో సిరంజితో తినిపించడం.