అడవి చెరువులో కానో మీద దారి తప్పకుండా వెళ్లడం ఎలా?

13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడి కాలంలో కట్టిన పాకాల, లక్నవరం చెరువుల చుట్టూ అడవి, గుట్టలే. కట్ట మీద నుంచి చూస్తే దారి సులువుగానే అనిపిస్తుంది. కానోలో (తెడ్డుతో నడిపే సన్నటి పడవలో) కూర్చున్నాక మాత్రం దీవి ఏదో, ఒడ్డు ఏదో పోల్చుకోవడం కష్టం.

ముందు అనుమతి తీసుకోండి. పాకాల అభయారణ్యం, మొసళ్లు కూడా ఉంటాయి. లైఫ్ జాకెట్ తప్పనిసరి.

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాప్‌ను ప్రింట్ తీసుకోండి. అందులో ఒక సెంటీమీటరు అంటే 500 మీటర్లు. ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి కానోకు కట్టేయండి.

మ్యాప్‌లో నీటి అంచుగా గీసిన గీతను మాత్రం నమ్మకండి. చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకే రోజుల్లో శిఖమంతా, అంటే చెరువు లోపలి నేలంతా, నీళ్లే. ఎండాకాలంలో అదే శిఖం బయటపడి, దీవి అనుకున్నది ఒడ్డుకు కలిసిపోతుంది. గుట్టలు, కట్ట, తూము, మత్తడి ఎక్కడికీ పోవు. బయల్దేరేముందే వాటిని మ్యాప్ మీద పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు దిక్సూచి. దాని అంచును మీరున్న చోటు నుంచి వెళ్లాల్సిన చోటుకు ఆనించి, డయల్ లోపలి గీతలు మ్యాప్ ఉత్తరానికి సమాంతరంగా వచ్చేదాకా తిప్పండి. వచ్చిన డిగ్రీలే మీ దిశ. దిక్సూచిని మట్టంగా పట్టుకుని, ముల్లు ఉత్తరపు కొన డయల్‌లోని బాణం గుర్తులోకి వచ్చేదాకా మీరే తిరగండి. ఎదురుగా కనిపించే చెట్టునో, గుట్టనో చూసుకుని తెడ్డు వేయండి. అస్తమానం ముల్లునే చూస్తే పడవ పక్కకు పోతుంది. కెనడాలో కొన్నిచోట్ల ముల్లుకూ అసలు ఉత్తరానికీ పది డిగ్రీలకు పైగా తేడా ఉంటుంది, సరిచేసుకోవాలి. మన దగ్గర ఆ తేడా చాలా తక్కువ, పట్టించుకోనక్కర్లేదు.

తిరిగొచ్చేటప్పుడు తూముకు సూటిగా గురి పెట్టకండి. గాలి తోసేస్తే కట్ట చేరాక తూము ఎడమనా, కుడినా అన్నది తెలియక టెన్షన్. తూము 120 డిగ్రీల దిశలో ఉంటే 110 పట్టుకుని వెళ్లండి. కట్ట తగలగానే కుడికి తిరిగితే చాలు. నాకు అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి ఇదే.

మొబైల్ సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది. మ్యాప్ మాత్రం ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోవాలి. బయల్దేరగానే ట్రాక్ రికార్డింగ్ ఆన్ చేసి, ఫోన్‌ను, పవర్‌బ్యాంక్‌ను నీళ్లు చొరని పౌచ్‌లో పెట్టండి. దిక్సూచికి దూరంగా ఉంచండి, ఫోన్‌లోని అయస్కాంతానికి ముల్లు తప్పుతుంది. శాటిలైట్ ఫోన్, శాటిలైట్ మెసెంజర్ టెలికాం శాఖ అనుమతి లేకుండా వాడితే మన దేశంలో కేసవుతుంది. అందుకే ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఒడ్డున ఒకరికి రాసిచ్చి వెళ్లండి.