ప్రెసిడెంట్ ఎలక్షన్ వస్తోంది, ఫోను పర్సు బావమరిది జాగ్రత్త

ఎలక్షన్ ఎప్పుడో 2028 నవంబర్ 7న కదా, ఇప్పట్నుంచీ ఏం గోల అనుకుంటున్నారేమో, మా పెన్సిల్వేనియాకి వచ్చి ఉండండి తెలుస్తుంది, మిడ్‌టర్మ్ (మధ్యలో వచ్చే కాంగ్రెస్ ఎలక్షన్) అవ్వడం ఆలస్యం ఇక్కడ మొదలెట్టేస్తారు. నేను ఇర్వింగ్‌లో ఉండగా సిటిజన్ అయ్యాను, 2020లో నా మొదటి ఓటు టెక్సాస్‌లోనే పడింది, అప్పుడు ప్రెసిడెంట్ తరఫున మా తలుపు కొట్టినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. ఎందుకు కొడతాడు, ఆ స్టేట్ 6 లక్షల పైచిలుకు ఓట్ల తేడాతో తేలిపోయింది, నా ఓటు పడినా ఒకటే పడకపోయినా ఒకటే. 2022లో ఉద్యోగం మారి పెన్సిల్వేనియాలో ఎక్స్‌టన్ వచ్చాం. మనిషి అదే, ఓటు అదే, ఇక్కడికి రాగానే కొత్తల్లుడి మర్యాదలు మొదలయ్యాయి. ఇక్కడ 2016లో తేడా 44 వేలు, 2020లో 80 వేలు, 2024లో లక్షా 20 వేలు, ప్రెసిడెంట్‌ని తేల్చేది స్టేట్ల వారీగా ఉండే ఎలక్టోరల్ ఓట్లు, 270 వస్తే గెలిచే ఆ ఆటలో ఈ ఒక్క స్టేట్‌వి 19, ఒక్క ఓటు ఎక్కువొచ్చినా మొత్తం 19 వాడికే. మర్యాద నాకు కాదు, నా జిప్ కోడ్‌కి.

నేను ఏ పార్టీయో అడక్కండి. రెండిటికీ వేశాను, రెండిటి మీదా ఒళ్ళు మండి ఉంది. రెండుసార్లు దెబ్బ తిన్నాక నాకు అర్థమైంది ఏంటంటే వీళ్ళకి సీజన్ అంతా కావాల్సింది మన కోపం, ఓటు ఒక్క రోజే. కోపం ఉంటేనే డబ్బులు కొడతాం, ఫార్వర్డ్‌లు చేస్తాం, పక్కింటోడితో మాట్లాడ్డం మానేస్తాం. అందుకని నేను తిన్న దెబ్బలు మీరు తినకుండా నాలుగు ముక్కలు చెప్తున్నా.

అన్నిటికంటే ముందు ఇంట్లో పెద్దవాళ్ళ సంగతి, ఇది మాత్రం నవ్వులాట కాదు. 2024 సెప్టెంబర్‌లో ఒక శనివారం ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాం, నాన్నగారు బయట బెంచీ మీద కూర్చున్నారు, నేను లోపల కొత్తిమీర కట్టలు ఏరుకుంటున్నా. అద్దంలోంచి చూస్తే ఎవరో కుర్రాడు క్లిప్‌బోర్డ్ పట్టుకుని ఆయన పక్కన కూర్చుని ఉన్నాడు, ఈయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంటున్నారు. ఆయన కళ్ళజోడు తీశారంటే సంతకం పెట్టబోతున్నారని అర్థం. కొత్తిమీర చేత్తో పట్టుకునే బయటికి పరిగెత్తా. ఓటర్ రిజిస్ట్రేషన్ ఫామ్ అది, అప్పటికే పేరు రాసేశారు. "తెనాల్లో 77 నుంచి ఒక్క ఓటు మానలేదురా నేను, ఇక్కడ మాత్రం ఎందుకు ఊరుకోవాలి" అన్నారు. ఆయనది గ్రీన్ కార్డ్!

ఆ ఫామ్‌లో మొదటి ప్రశ్నే నువ్వు అమెరికా సిటిజన్‌వా అని. అవును అని టిక్ కొట్టి సంతకం పెడితే సిటిజన్ కాకుండానే సిటిజన్ అని చెప్పినట్టు, 1996 నాటి చట్టం ప్రకారం డిపోర్ట్ చేసే దాకా వెళ్ళొచ్చు, తెలియక పెట్టాను మహాప్రభో అంటే వింటారన్న గ్యారంటీ ఏం లేదు. పైగా తర్వాత సిటిజన్‌షిప్‌కి అప్లై చేసేటప్పుడు ఎప్పుడైనా ఓటుకి రిజిస్టర్ అయ్యావా, ఓటు వేశావా అని ఆ ఫామ్‌లోనూ అడుగుతారు. ఆ కుర్రాణ్ణి ఏమీ అనలేదు నేను, ఎండలో నిలబడి సంతకాలు పోగేసుకుంటున్నాడు, సారీ అని ఫామ్ చింపేశాడు. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో కూడా ఓటుకి రిజిస్టర్ చేయమంటారా అని అడగడం 1993 నుంచీ ఉన్నదే, కాబట్టి హెచ్1 వాళ్ళు, గ్రీన్ కార్డ్ వాళ్ళు ఆ స్క్రీన్ మీద నెక్స్ట్ నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోవద్దు. అమ్మానాన్నలకి ముందే చెప్పి ఉంచండి, ఎవరు ఏ కాగితం ఇచ్చినా మా అబ్బాయిని అడగండి అనమని.

ఇక పర్సు. 2020 సెప్టెంబర్ 29న ఫస్ట్ డిబేట్ గుర్తుందా, ఒకళ్ళ మాట ఒకళ్ళు పూర్తి కానివ్వకుండా అరుచుకున్నారు, అది చూసి రాత్రి పడుకోబోయే ముందు ఒళ్ళు మండి ఫోన్ తీసి 25 డాలర్లు కొట్టాను. ఎవరికో చెప్పను, చెప్తే మిగతాదంతా వదిలేసి దాని మీద పడతారు. బటన్ కింద చిన్న బాక్సు ఒకటి ముందే టిక్ పెట్టి ఉంది, వారం వారం ఇస్తాను అని, నేను చూళ్ళేదు. ఎలక్షన్ అయ్యాక క్రెడిట్ కార్డ్ స్టేట్‌మెంట్ మా ఆవిడ చూసింది, అన్నీ కలిపి 150. "ఇదేం చిట్టీ అండీ, నాకు చెప్పకుండా వారం వారం కడుతున్నారు?" అంది. ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, కాదనను, పొద్దున కాఫీ తాగాక ఇవ్వండి, డిబేట్ చూసిన రాత్రి మాత్రం ఇవ్వకండి, పేజీ కింద దాకా వెళ్ళి టిక్కులన్నీ తీసేసి అప్పుడు నొక్కండి. ఇంకోటి, ఒక కాండిడేట్‌కి ఇచ్చింది మొత్తం 200 డాలర్లు దాటితే మీ పేరు, అడ్రస్, మీరు పనిచేసే కంపెనీ అన్నీ ఎఫ్ఈసీ (ఎలక్షన్ చందాల లెక్కలు చూసే ఫెడరల్ ఆఫీసు) సైట్‌లో అందరికీ కనపడేలా ఎక్కుతాయి, మీ మేనేజర్ కూడా వెతుక్కోవచ్చు. గ్రీన్ కార్డ్ ఉంటే ఇవ్వచ్చు. హెచ్1 మీద ఉన్నవాళ్ళు ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు, ఊళ్ళో సిటీ కౌన్సిల్ మనిషికైనా సరే, సంఘం డిన్నర్‌లో తెలిసినాయన అడిగాడని మొహమాటానికి పోకండి.

ఫోన్ గురించి ఎంత చెప్పినా తక్కువే. చందాలడిగే మెసేజ్‌లు ఆగవు, అర్ధరాత్రికల్లా డెడ్‌లైన్, మీ డబ్బుకి 500 శాతం మ్యాచ్ (మీరిచ్చినదానికి ఐదింతలు ఇంకెవరో కలుపుతారట), మీరు మమ్మల్ని వదిలేశారా అని ఏడుపులు, ఎవడు మ్యాచ్ చేస్తాడో మాత్రం ఎక్కడా రాయరు. అమ్మకాల ఫోన్లు రాకుండా ఉండే డు నాట్ కాల్ లిస్టులో నంబర్ పెట్టినా పొలిటికల్ కాల్స్‌కి అది వర్తించదు, స్టాప్ అని కొడితే ఆ నంబర్ ఆగుతుంది, ఇంకో నంబర్ నుంచి వస్తుంది, అయినా కొడుతూనే ఉండండి. చెవులతో విన్నది కూడా నమ్మే రోజులు పోయాయి, 2024 జనవరిలో న్యూ హాంప్‌షైర్ ప్రైమరీ (పార్టీ తన కాండిడేట్‌ని ఎంచుకునే ఓటింగ్) ముందు అచ్చం బైడెన్ గొంతుతో ఫోన్లు వెళ్ళాయి, ఇప్పుడు ఓటు వెయ్యకండి నవంబర్‌కి దాచుకోండి అని, తీరా చూస్తే ఏఐతో చేసిన గొంతు. ఓటు తేదీ, చోటు, టైమ్ ఎవడు ఫోన్ చేసి చెప్పినా కౌంటీ ఎలక్షన్ ఆఫీస్ సైట్‌లో చూసుకునే దాకా నమ్మకండి.

అదే ఏడాది అక్టోబర్‌లో మస్క్ గారి పీఏసీ (ఎలక్షన్ కోసం డబ్బు పోగేసి ఖర్చుపెట్టే సంఘం) వాళ్ళు పిటిషన్ మీద సంతకం పెట్టిన రిజిస్టర్డ్ ఓటర్‌కి మా స్టేట్‌లో 100 డాలర్లు అన్నారు, దాని మీద రోజుకొకళ్ళకి మిలియన్ అన్నారు. మన ఊళ్ళలో పోలింగ్ ముందు రాత్రి కవర్లు పంచుతారని ఇక్కడ కూర్చుని మనం జోకులేసుకుంటాం కదా! ఓటు వేసినందుకు గానీ రిజిస్టర్ అయినందుకు గానీ డబ్బులివ్వడం ఇక్కడ నేరం, సంతకానికి ఇస్తున్నాం అన్నారు, కోర్టు దాకా వెళ్ళింది, ఫిలడెల్ఫియా జడ్జి ఆపలేదు. అలాంటి చోట సంతకం పెడితే మన పేరూ ఫోన్ నంబరూ వాళ్ళ చేతిలో పడినట్టే, తర్వాత ఫోన్ మోగుతుంటే తిట్టుకుని లాభం లేదు.

బావమరిది సంగతికొస్తే, మా ఆవిడ తమ్ముడు ఎడిసన్‌లో ఉంటాడు, బంగారం లాంటి పిల్లాడు, కానీ ఆగస్టు నుంచి నవంబర్ దాకా వాడు వాడు కాదు. 2024లో మా ఫ్యామిలీ గ్రూపులో గొడవ ఎలా మొదలైందంటే, డెమొక్రాట్ల కాండిడేట్ కమలా హారిస్ వాళ్ళమ్మ శ్యామల గారు తమిళావిడ కాబట్టి కమల మన అమ్మాయి అని మా పెద్దత్తయ్య గారు, కాదు రిపబ్లికన్ల వైస్ ప్రెసిడెంట్ కాండిడేట్ భార్య ఉషా వాన్స్ పుట్టిల్లు చిలుకూరి వారు, వాళ్ళ ఊరు తణుకు దగ్గర వడ్లూరు, అసలైన తెలుగమ్మాయి అంటే ఈవిడే అని మా మావయ్య గారు, పాలసీ లేదు పాడు లేదు, మూడు రోజులు పెళ్ళిచూపులు నడిచాయి. నాలుగో రోజు నేను రెండు పార్టీలూ దొంగలే అన్నాను, అంతే, ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. "బావా, నీలాంటి గోడ మీద పిల్లుల వల్లే ఇదంతా" అని బావమరిది పెట్టిన మెసేజ్ ఇంకా ఉంది. థాంక్స్‌గివింగ్‌కి రాలేదు. క్రిస్మస్‌కి మా ఆవిడ పులిహోర వంకతో పిలిస్తే వచ్చాడు. ఇప్పుడు మా ఇంట్లో రూలు, లేబర్ డే (సెప్టెంబర్ మొదట్లో) నుంచి ఫ్యామిలీ గ్రూపు మ్యూట్, భోజనాల దగ్గర ఎవరైనా కాండిడేట్ పేరెత్తితే గిన్నెలు వాళ్ళే తోమాలి.

ఇంతగా కొట్టుకుని మనకి ఒరిగిందేంటో ఒక్కటి చెప్తా. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అనే లిమిట్ ఉంది కదా, మన పిల్లలు ఏళ్ళ తరబడి క్యూలో ఉన్నది దాని వల్లే. 2019 జూలైలో ఆ లిమిట్ తీసేసే బిల్లుకి కింది సభ హౌస్‌లో 365 మంది ఓకే అన్నారు, 65 మంది వద్దన్నారు, రెండు పార్టీల వాళ్ళూ వేశారు. 2020 డిసెంబర్‌లో పై సభ సెనేట్ తన వెర్షన్ పాస్ చేసింది, ఒక్కళ్ళు కూడా అడ్డు చెప్పలేదు. ఆ రెండు వెర్షన్లూ కలిపి ఒకటి చేయలేదు. జనవరిలో ఆ కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంట్) గడువు అయిపోయింది, బిల్లూ పోయింది. పెళ్ళికి అంతా ఒప్పుకుని ముహూర్తం దాటించేసినట్టు. అందుకే దీపావళికి గుళ్ళోకి వచ్చి నమస్తే పెట్టి దండ వేయించుకునే కాండిడేట్‌ని ఫోటో అడక్కండి, బిల్లు నంబర్ అడగండి, నువ్వు ఎటు వేశావు అనడగండి.

ఇంక ఓటు. రిజిస్ట్రేషన్ మా దగ్గర 15 రోజుల ముందు క్లోజ్, టెక్సాస్‌లో 30 రోజులు, కొన్ని స్టేట్స్‌లో అదే రోజు కూడా అవుతుంది, ఇల్లు మారితే అడ్రస్ మార్చుకోవాలి, ఒక స్ట్రీట్ అవతలికైనా సరే. కోపంతో నేను ఏ పార్టీ వద్దు అని రిజిస్టర్ అయ్యాను, తీరా 2024 ఏప్రిల్ 23న ప్రైమరీకి పోతే ప్రెసిడెంట్ బ్యాలట్ ఇవ్వరంట, పెన్సిల్వేనియాలో పార్టీ ఉంటేనే ప్రైమరీ. మార్చిలోనే ట్రంప్, బైడెన్ ఇద్దరికీ కాండిడేట్ అవ్వడానికి కావాల్సినంత మంది డెలిగేట్లు వచ్చేశారు కాబట్టి ఇచ్చినా చేసేదేం లేదనుకోండి, అయినా మనసుకి కష్టంగానే ఉంటుంది. ఓటు పోస్టులో వేసేవాళ్ళు లోపలి సీక్రసీ కవర్ మర్చిపోవద్దు, బ్యాలట్ దాంట్లో పెట్టకపోతే లెక్కపెట్టరు, పైకవర్ మీద సంతకం, తేదీ ఉండాలి, అది ఎలక్షన్ రోజు రాత్రి 8 లోపు కౌంటీ ఆఫీస్‌కి చేరాలి, పోస్ట్ మార్క్ ఉందంటే వినరు. బూత్‌లో పేరు లేదంటే తిరిగొచ్చేయకండి, ప్రొవిజనల్ బ్యాలట్ (అర్హత తర్వాత చూసి లెక్కపెట్టే ఓటు) అడగండి, 2002 నుంచీ అది మన హక్కు. బేసి సంవత్సరాల్లో వచ్చే స్కూల్ బోర్డ్ ఎలక్షన్ కూడా వదలకండి, మన ప్రాపర్టీ టాక్స్‌లో పెద్ద ముద్ద పోయేది అక్కడికే, పైగా మా దగ్గర స్కూల్ బోర్డ్‌కి ఒకే మనిషి రెండు పార్టీల ప్రైమరీలోనూ పేరు పెట్టుకోవచ్చు. టీవీలో ఒకళ్ళనొకళ్ళు రాక్షసులు అనుకునే పార్టీలే, ఇక్కడికొచ్చేసరికి ఒకే మనిషి ఇద్దరికీ కాండిడేట్!

ఎలక్షన్ రాత్రి పడుకోండి. ఇక్కడ మన ఎలక్షన్ కమిషన్ లాంటిది ఒకటి కూర్చుని దేశమంతా లెక్కపెట్టి చెప్పదు, కౌంటీలు లెక్కపెడతాయి, ఫలానా వాళ్ళు గెలిచారని ముందు చెప్పేది వార్తా సంస్థలు. మా స్టేట్‌లో పోస్టల్ కవర్లు ఎలక్షన్ రోజు పొద్దున 7 దాకా తెరవకూడదు, అందుకే రాత్రి ఒకడు ముందుంటాడు పొద్దున ఇంకొకడు, అది మోసం కాదు, కవర్లు చించడానికి పట్టే టైమ్. 2020లో మంగళవారం ఓటింగ్ అయితే శనివారం తేలింది.

పోయినసారి ఓటుకి వెళ్ళేటప్పుడు నాన్నగారు నేనూ వస్తానన్నారు, చూడ్డానికే. కార్లోనే కూర్చోబెట్టా. నేను బయటికి రాగానే నా చేయి పట్టుకుని వేళ్ళన్నీ తిప్పి చూశారు. "సిరా ఏదిరా? మళ్ళీ వెళ్ళి ఇంకోటి వేసేస్తే ఎవడికి తెలుస్తుంది?" లిస్టులో సంతకం పెట్టించుకుంటారు నాన్నా అని చెప్పి, వాళ్ళిచ్చిన స్టిక్కర్ ఆయన చొక్కాకి అంటించబోయి ఆగిపోయా, ఎవడైనా ఫోటో తీస్తే అదో తలనొప్పి. నా చొక్కాకే పెట్టుకున్నా. పార్కింగ్ లాట్ చివర ఇంకో కుర్రాడు క్లిప్‌బోర్డ్‌తో వస్తున్నాడు, నాన్నగారి చెయ్యి అప్పటికే కళ్ళజోడు జేబు మీదకి వెళ్ళింది, నేను అద్దం పైకెత్తేశా.