హాస్టల్ గదిలో నల్లులు: మందు కొట్టించినా మళ్లీ ఎందుకొస్తున్నాయి?

సమస్య: పొద్దున లేచేసరికి దద్దుర్లు, వెతికితే ఏమీ కనపడదు

"అన్నా, రూంలో దోమలు చంపేస్తున్నాయి, లిక్విడ్ మెషీన్ రాత్రంతా పెట్టినా లాభం లేదు." జూనియర్లు వచ్చి చెప్పే మొదటి మాట ఇదే. చొక్కా చెయ్యి పైకి లాగితే మోచేతి కింద వరసగా మూడు నాలుగు దద్దుర్లు ఉంటాయి. మంచం చూశావా అంటే, పరుపు ఎత్తి చూశాను, ఏమీ లేదంటారు. పరుపు ఎత్తడం వేరు, మంచం చూడడం వేరు. నూటికి తొంభై మంది ఆ రెండో పని చెయ్యకుండానే స్ప్రే కొనడానికి పోతారు.

దోమ కుడితే చాలాసార్లు కాసేపట్లోనే తెలుస్తుంది. నల్లి కుట్టేటప్పుడు తెలియదు. అయిదు పది నిమిషాలు తాగి వెళ్లిపోతుంది, అదీ ఎక్కువగా తెల్లవారుజామున. దద్దురు కొందరికి గంటల్లో వస్తుంది, కొందరికి రోజులు పడుతుంది, కొందరికి అసలు రాదు. అందుకే "పక్క మంచం వాడికి ఏమీ లేదు, నాకే ఎందుకు?" అన్న ప్రశ్నకు అర్థం లేదు. వాడినీ కుడుతూ ఉండొచ్చు, ఒంటి మీద కనపడదంతే. ఇంటికి ఫోన్ చేస్తే వేడి చేసింది, మజ్జిగ తాగు అంటారు. తాగండి, మంచిదే. కానీ మంచం కూడా విప్పండి.

మంచం చూడడమంటే ఇలా. పరుపు, దుప్పటి తీసి పక్కన పెట్టి ప్లైవుడ్ చెక్కను పైకి లేపండి. ఆ చెక్క అడుగు భాగం, అది కూర్చునే ఇనప యాంగిల్ మూల, బోల్టు రంధ్రాలు, తలవైపు పట్టీ వెనక భాగం, ఇవీ చూడాల్సిన చోట్లు. ఫోన్ టార్చి వేసి, పాత ఐడీ కార్డు ఒకటి తీసుకుని చెక్కకూ యాంగిల్‌కూ మధ్య సందులో దూర్చి లాగండి. కార్డు అంచుకు నల్లటి పొడి, పారదర్శకంగా గోధుమ రంగులో ఉండే ఖాళీ పొట్టు వచ్చాయంటే విషయం తేలిపోయినట్టే. ఆ పొట్టు పెరిగే క్రమంలో నల్లి విడిచిన చర్మం. పరుపు అంచు కుట్టు దగ్గర స్కెచ్ పెన్నుతో పెట్టినట్టు నల్లటి చుక్కలుంటే, తడి గుడ్డతో రుద్దండి. ఎర్రటి గోధుమ రంగులో సాగితే అది అరిగిన రక్తం. పెద్ద నల్లి మసూర్ పప్పు గింజంత ఉంటుంది కాబట్టి దొరుకుతుంది. గుడ్డు మిల్లీమీటరు మాత్రమే, తెల్లగా సందులో అతుక్కుని ఉంటుంది. దాన్ని వెతుకుతూ కూర్చోకండి, పై గుర్తులు చాలు.

సమస్య: పరుపు ఎండబెట్టాం, స్ప్రే కొట్టాం, అయినా తగ్గలేదు

పరుపు డాబా మీద వేస్తే పైన కాలుతుంది, అడుగున చల్లగానే ఉంటుంది. నల్లి నడుచుకుంటూ అడుగుకు పోతుంది. సాయంత్రం మీరే దాన్ని మళ్లీ మోసుకొచ్చి మంచం మీద వేస్తారు. పైగా సగం నల్లులు పరుపులో ఉండవు, మంచంలో ఉంటాయి.

దోమల స్ప్రే సంగతి ఇంకా ఘోరం. నేరుగా తగిలినవి కొన్ని చస్తాయి. మిగతావి మంచం వదిలి గోడ పగుళ్లలోకి, ప్లగ్ బోర్డు వెనక్కి చెదిరిపోతాయి. ఈ స్ప్రేలలో ఉండే పైరెత్రాయిడ్ మందులకు నల్లులు చాలా చోట్ల అలవాటు పడిపోయాయి. మంచంలో ఒకచోట ఉన్న సమస్యను గదంతా పంచినట్టవుతుంది.

పనిచేసేది వేడి. 50 డిగ్రీలు దాటితే పెద్దవీ గుడ్లూ నిమిషాల్లో చస్తాయి. ఇనప మంచాన్ని బాత్రూం దగ్గరకో వరండాలోకో ఈడ్చి, కాళ్ల అడుగున ఉండే రబ్బరు బుష్‌లు ఊడదీసి, కెటిల్లో మరిగిన నీళ్లు ప్రతి జాయింట్లో, బోల్టు రంధ్రంలో, పైపు నోట్లో నిదానంగా పొయ్యండి. ఆ గొట్టాల లోపల ఎన్ని ఉంటాయో నీళ్లతోపాటు కిందకి జారినప్పుడు చూద్దురు గాని. కాళ్లకు చెప్పులు, పక్కన ఒక మనిషి ఉండాలి. ప్లగ్ బోర్డు ఉన్న గోడ దగ్గర ఈ పని వద్దు. ప్లైవుడ్ మీద నీళ్లు పోస్తే ఉబ్బుతుంది, దాని అంచుల మీద బాగా కాలిన ఇస్త్రీ పెట్టె నెమ్మదిగా నడిపిస్తే సరిపోతుంది. దుప్పట్లు, దిండు గలీబులు 60 డిగ్రీల నీళ్లలో ఉతకాలి. మీ హాస్టల్ గీజరు అంత వేడి ఇవ్వకపోతే బకెట్లో మరిగిన నీళ్లు కలిపి నానబెట్టండి, ఆరాక కుట్ల వెంబడి ఇస్త్రీ చెయ్యండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ధాన్యం బస్తాల్లో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు ఎవరో ఊరి నుంచి తెస్తారు, "ఒక్కటి పెడితే చాలు మామా" అంటారు. వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ గ్యాస్ మనుషుల్ని చంపుతుంది, తలుపు సందుల్లోంచి పక్క గదిలో పడుకున్నవాళ్ల దాకా పోతుంది. ఆ బిళ్ల గదిలోకి రానివ్వొద్దు. కిరోసిన్ కూడా అంతే, నిప్పుతో పరాచికాలు వద్దు.

సమస్య: పెస్ట్ కంట్రోల్ వాళ్లు వచ్చి వెళ్లారు, కొన్నాళ్లు హాయిగా ఉంది, మళ్లీ మొదలైంది

దీనికి రెండు కారణాలు. మొదటిది అందరికీ తెలిసిందే, ఎవరూ పాటించనిది. చాలా మందులు గుడ్లను చంపవు. వాతావరణం వెచ్చగా ఉంటే వారం పది రోజుల్లో అవి పొదుగుతాయి. కాబట్టి రెండో విడత 10 నుంచి 14 రోజుల మధ్యలో పడాలి, పిల్లలు పెరిగి మళ్లీ గుడ్లు పెట్టేలోపే. మొదటి విడతకు వార్డెన్ సంతకం పెడతారు, రెండోదాని ఊసు ఎవరికీ గుర్తుండదు. రెండు తేదీలూ ఒకే అర్జీలో రాసి ఇవ్వండి.

రెండో కారణం అసలు దొంగ. రెండు విడతలూ తేదీ తప్పకుండా పడి, మంచాలు కడిగి, గోడ పగుళ్లు పూడ్చిన గదిలో కూడా నెల తిరక్కుండా నల్లులు కనపడడం చూశాను. మందు బాగోలేదని అందరూ తిట్టుకున్నారు. మందుదేమీ లోపం లేదు. స్ప్రే రోజు ఉదయం ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. సామాను ఖాళీ చెయ్యండని నోటీసు వస్తుంది. అందరూ బ్యాగులు, సూట్‌కేసులు, పుస్తకాల అట్టపెట్టెలు ఎత్తి వరండాలో పెడతారు, కొందరు ఫ్రెండు గదిలో పెడతారు. గదికి మందు పడుతుంది. సాయంత్రం వాసన తగ్గాక అదే సామాను తిరిగి లోపలికి వస్తుంది. అంటే మందు పడనిది ఒక్క సామానుకే, నల్లులు దాక్కున్నదీ అందులోనే. ఫ్రెండు గదికి కూడా రెండు మూడు బహుమతిగా ఇచ్చి వచ్చినట్టు.

నల్లి ఎగరదు, దూకదు. దూరం పోవాలంటే దేన్నో ఒకదాన్ని ఎక్కి పోవాల్సిందే. హాస్టల్లో దానికి దొరికే వాహనం కాలేజీ బ్యాగు. రోజూ దాన్ని ఎక్కడ పడేస్తారు? మంచం మీద, దిండు పక్కన. లేదంటే మంచం కోడుకు తగిలిస్తారు. వీపుకు ఆనే మెత్త చుట్టూ గుడ్డ పైపింగు ఉంటుంది చూడండి, దాన్ని వేలితో వెనక్కి తిప్పండి. జిప్పు మీద మడత పడే పట్టీ కింద చూడండి. ల్యాప్‌టాప్ అర అడుగున దారాలు ఊడిన కుట్టు ఉంటే అక్కడ చూడండి. ట్రాలీ సూట్‌కేసు అయితే లోపలి లైనింగు జిప్పు తీసి, చక్రాలు బిగించిన గూళ్లలో టార్చి వెయ్యండి. మంచం కింద ఏడాదంతా కదలకుండా ఉండే సూట్‌కేసుకు మించిన ఇల్లు నల్లికి లేదు. గుడ్లతో ఉన్న ఆడ నల్లి ఒక్కటి మిగిలితే చాలు, కథ మొదటికొస్తుంది.

అందుకని స్ప్రే రోజు సామాను గది దాటకూడదు. ముందురోజే బట్టలన్నీ పెద్ద పాలిథిన్ కవర్లలో వేసి మూతి గట్టిగా బిగించండి. ఉతికి ఇస్త్రీ అయినవి వేరే కొత్త కవర్లోకి వెళ్లాలి, పాత కవర్లోకి కాదు. ఈ చిన్న విషయం దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఖాళీ బ్యాగులు, సూట్‌కేసులు నోళ్లు తెరిచి గది మధ్యలో పెట్టి, కుట్లకు, చక్రాల గూళ్లకు కూడా మందు కొట్టమని వచ్చిన మనిషిని అడగండి. అడక్కపోతే కొట్టరు. కాలేజీ బ్యాగును మాత్రం వేడి నీళ్లలో ముంచి ఉతికేయడమే తేలిక. పుస్తకాలు ఒక్కొక్కటీ అట్ట కట్టిన వెన్ను దగ్గర విప్పి చూసి, శుభ్రంగా ఉన్నవి వేరు చెయ్యండి. అనుమానమున్న వాటిని కవర్లో పెట్టి టేపుతో మూసేయండి. ఆకలికి చస్తాయిలే అని రెండు వారాలకే విప్పకండి, నల్లి తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది. వేసవి సెలవుల్లో గది మూసి ఉంచినా పోకపోవడం అందుకే.

ఏప్రిల్, మే నెలల్లో అయితే ఖాళీ బ్యాగును నల్లటి కవర్లో కట్టి మిట్టమధ్యాహ్నం డాబా మీద కాలే నేల మీద ఉంచి, మధ్యలో తిప్పుతూ ఉంటే లోపల వేడి సరిపోయే అవకాశం ఉంది. వానాకాలంలో ఆ పద్ధతి మీద ఆశ పెట్టుకోవద్దు.

సెలవులకు ఇంటికెళ్లేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. దసరాకో సంక్రాంతికో వెళ్లగానే బ్యాగు తీసుకెళ్లి అమ్మావాళ్ల మంచం మీద పెట్టకండి. గుమ్మం బయటే విప్పి, బట్టలు నేరుగా వేడి నీళ్ల బకెట్లోకి వెయ్యండి. తిరిగొచ్చాక కూడా బ్యాగు మంచం ఎక్కకూడదు, గోడ మేకుకూ వద్దు. కుర్చీ మీద పెట్టండి.

అంతా అయ్యాక మంచాన్ని గోడకు జానెడు దూరం జరపండి. కాళ్ల కింద సబ్బు నీళ్ల గిన్నెలు పెట్టండి, దుప్పటి కొసలు నేలకు వేలాడకూడదు. రోజూ పొద్దున గిన్నెలోకి చూస్తే ఇంకా ఎక్కడి నుంచైనా వస్తున్నాయో లేదో తెలుస్తుంది. మంచం కడగకుండా గిన్నెలు పెడితే మాత్రం మీరూ అవీ కలిసి లోపలే చిక్కుకున్నట్టు.

సమస్య: గోడవైపు మంచానికి మాత్రమే వస్తున్నాయి

పక్క గది. రెండు గదుల ప్లగ్ బోర్డులు ఒకే గోడకు అటూ ఇటూ ఉంటే వైరింగు గొట్టంలోంచి నడిచొస్తాయి. మీ గదికి ఎన్నిసార్లు మందు కొట్టినా దండగే, రెండు గదులకూ ఒకే రోజు కొట్టాలి. బోర్డు విప్పే పని ఎలక్ట్రీషియన్‌ది, మెయిన్ ఆపించి చేయించండి. పక్క గదివాళ్లు "మా దగ్గర లేవు" అంటే గొడవ పడకుండా ఐడీ కార్డు పట్టుకెళ్లి వాళ్ల మంచం సందులో ఒకసారి లాగి చూపించండి.

మిగతావి

కిటికీ దగ్గర పావురాల గూడు ఉంటే వాటి మీది పురుగులు కుట్టే అవకాశం ఉంది కానీ అరుదు. గూడు తీయించి ఊరుకోండి. కొత్త డిటర్జెంట్ పడక దద్దుర్లు వస్తే బట్ట తగిలే చోటల్లా వస్తాయి, వరసలో రావు. వేళ్ల సందుల్లో, నడుం చుట్టూ రాత్రిపూట దురద ఎక్కువై, గదిలో ఒకరి తర్వాత ఒకరికి అంటుకుంటే అది గజ్జి కావచ్చు. దానికి మంచం విప్పి లాభం లేదు, చర్మం డాక్టరు దగ్గరకు అందరూ కలిసి వెళ్లండి. నల్లికాట్ల వల్ల జబ్బులు అంటుకున్నట్టు రుజువు లేదు కాబట్టి ఆ టెన్షన్ వద్దు. గోకి పుండు చేసుకుని చీము పడితే మాత్రం డాక్టరుకు చూపించండి.