వెనక యాక్సిల్ హౌసింగ్ బెండ్ తీయడం: ముందు కొలతలు, తర్వాతే గ్యాస్

వెనక టైర్లు లోపలి అంచు వైపే అరిగిపోతుంటే, ఒక పక్క బేరింగ్ ఎన్నిసార్లు మార్చినా మళ్లీ కూస్తుంటే, డ్రమ్ విప్పగానే లోపల గేర్ ఆయిల్ కారి బ్రేక్ లైనర్లు తడిసి కనిపిస్తుంటే హౌసింగ్, అంటే రెండు వెనక చక్రాల మధ్య షాఫ్ట్‌లని, గేర్లని కప్పి ఉండే గొట్టం, బెండ్ అయిందేమో అని అనుమానించాలి. ఇది ఎక్కువగా లోడు బండ్లలోనే వస్తది, 1.3 టన్నుల పికప్ మీద రెండు టన్నుల ఇటుక గానీ చేపల పెట్టెలు గానీ వేసి గుంటల రోడ్డు మీద స్పీడుగా తోలితే బరువంతా కమాన్ కట్టలు కూర్చునే చోట కిందకి నొక్కుద్ది, చక్రాలేమో చివర్ల నుంచి పైకి నెడతాయి, దాంతో గొట్టం రెండు చివర్లూ పైకి లేచి చక్రాల పై భాగం లోపలికి వాలిపోద్ది. ఒకే చక్రం పెద్ద గుంటలో గట్టిగా కొట్టుకుంటే ఆ చివర వెనక్కి కూడా పోద్ది, అప్పుడు ఆ టైరు ముందు భాగం బయటికి తిరుగుద్ది. చాలా బండ్లలో రెండూ కలిసే ఉంటాయి.

బండి అడ్డంగా పోతున్నట్టు ఉంటే హౌసింగ్ జోలికి పోకముందు కమాన్ కట్టల సెంటర్ బోల్ట్ చూడండి. అది తెగితే యాక్సిల్ మొత్తం ఒక పక్క వెనక్కి జరుగుద్ది, చూసేవాళ్లకి బెండ్ లాగే ఉంటది, వంద రూపాయల బోల్ట్‌తో పోయేదానికి హౌసింగ్ దించి కూర్చుంటారు.

కొలవడం ఇలా. చదునైన నేల మీద బండి పెట్టి, రెండు వెనక టైర్ల లోపలి వైపు చాక్‌తో ఒక్కో గుర్తు పెట్టండి, ఆ గుర్తులు ముందుకి ఉన్నప్పుడు రెండింటి మధ్య దూరం టేపుతో చూసి రాసుకోండి, తర్వాత బండిని సగం చుట్టు తోయండి, అవే గుర్తులు వెనక్కి వస్తాయి, అదే ఎత్తులో మళ్లీ కొలవండి. సైలెన్సర్ అడ్డొస్తే కొంచెం కిందకి కొలిచినా పర్లేదు గానీ రెండుసార్లూ ఒకే ఎత్తు ఉండాలి. అవే గుర్తులు కొలుస్తున్నాం కాబట్టి రిమ్ వంకర ఉన్నా లెక్కలోంచి పోద్ది. తేడా ఒకటిన్నర మిల్లీమీటర్ లోపు ఉంటే వదిలేయొచ్చు. ముందు దూరం ఎక్కువ వస్తే చివర వెనక్కి పోయినట్టు. వాలు చూడాలంటే మేస్త్రీల తూకం గుండు రిమ్ పక్కన వేలాడదీసి పైన, కింద గ్యాప్ చూడండి, ఇక్కడ కూడా చక్రం సగం తిప్పి మళ్లీ చూడాలి. అసలు కిటుకు ఇదే: చక్రం తిప్పితే గుండు దగ్గర గ్యాప్ మారుతుంటే తప్పు యాక్సిల్ షాఫ్ట్‌దో రిమ్‌దో, ఎంత తిప్పినా అదే వాలు వస్తుంటే హౌసింగ్‌దే.

ఖాయం అయితే దించాల్సిందే. గేర్ ఆయిల్ పూర్తిగా తీసేయండి, షాఫ్ట్‌లు, డిఫరెన్షియల్ (మధ్యలో ఉండే గేర్ల సెట్టు), సీళ్లు, బ్రేక్ షూలు, బ్రేక్ పైపులు అన్నీ విప్పి లోపల కిరోసిన్‌తో కడిగి బాగా ఆరనివ్వాలి. ఆయిల్ ఆవిరి ఉన్న మూసిన గొట్టానికి మంట పెడితే అంటుకుంటది, జోక్ కాదు. బ్రేక్ డ్రమ్‌లో దుమ్ము నోటితో ఊదకండి, పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు.

ఇప్పుడు లేత్ షాపు పని. బేరింగ్ కూర్చునే చోటుకి సరిగ్గా సరిపోయే నాలుగు బిళ్లలు టర్నింగ్ చేయించాలి, రెండు చివర్లకి, రెండు మధ్యలో డిఫరెన్షియల్ బేరింగులు ఉండే చోటుకి, వాటి మధ్యలోంచి దూరే ఒక సూటి బార్ కావాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఈ బెండ్ పని రోజూ చేసే షాపులు ఉంటాయి కాబట్టి బిళ్లలు రెడీగా ఉన్నా ఉండొచ్చు, అడగండి. బార్ చేత్తో తోస్తే జారిపోతే హౌసింగ్ బాగున్నట్టు, ఎక్కడ పట్టేస్తే అక్కడ వంపు ఉన్నట్టు. బార్ లేకుండా కంటితో చూసి బెండ్ తీస్తామనే షాపులో నేనైతే దించను.

తీయడానికి రెండు దార్లు, ప్రెస్సు, గ్యాసు మంట. ప్రెస్సులో చల్లగానే నొక్కుతారు, ఇనుము కొంచెం వెనక్కి వస్తది కాబట్టి కావాల్సిన దానికన్నా కాస్త ఎక్కువ నొక్కాలి, కింద వీ బ్లాక్ పెట్టకపోతే గొట్టం చదునైపోద్ది, మధ్య పోత ముక్కలోకి గొట్టం దూర్చి వెల్డ్ చేసిన రకం అయితే ఆ జాయింట్ కదిలి అక్కడి నుంచే ఆయిల్ కారడం మొదలవుద్ది. గ్యాస్ దారి నాకు ఎక్కువ నచ్చుద్ది, ఎందుకంటే కొంచెం కొంచెంగా వస్తది. చివర ఏ వైపుకి రావాలో ఆ వైపే వేడి పెట్టాలి, అంటే చివర్లు పైకి లేచి ఉంటే గొట్టం కింద భాగంలో, వెనక్కి పోతే ముందు భాగంలో. రూపాయి బిళ్లంత చోటు మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి వెంటనే మంట తీసేయండి. వేడి పెడుతుంటే చివర ఇంకా ఎక్కువ వంగుతున్నట్టు కనపడుద్ది, కంగారు పడొద్దు, చుట్టూ ఉన్న చల్లటి ఇనుము సాగనివ్వకపోవడం వల్ల కాలిన చోటు లోపలికే కుదించుకుంటది, చల్లారేటప్పుడు ఇంకా ముడుచుకుని చివరని మొదటున్న చోటు దాటి ఇవతలికి లాగుద్ది. పూర్తిగా చల్లారాకే బార్ తోసి చూడాలి, ఇంకా కావాలంటే అదే చోట కాకుండా పక్కన పెట్టండి. నీళ్లు అస్సలు పొయ్యొద్దు, ఇనుము గట్టిబడి పెళుసుగా అయిపోద్ది. ఎండలో మసక ఎరుపు తెలీదు, నీడలో చేయండి, కాషాయం రంగు వచ్చిందంటే ఎక్కువైనట్టే. మధ్య పోత ముక్కకి మాత్రం మంట పెట్టకండి, పగిలిద్ది.

పెద్ద లారీల హౌసింగ్‌కి ఇవేవీ వద్దు, వంచొద్దు, వేడి చెయ్యొద్దు, మార్చండి అని తయారీదారుల మాన్యువల్స్‌లోనే ఉంటది. చిన్న బండైనా క్రాక్ కనిపించినా, పాత వెల్డింగులు ఉన్నా, గొట్టం మడత పడినా వేరే హౌసింగ్ చూసుకోవడమే.

బిగించేటప్పుడు బేరింగులు, ఆయిల్ సీళ్లు కొత్తవే వేయండి, బ్రీదర్ (హౌసింగ్ లోపలి గాలి బయటికి పోయే దారి) మూసుకుపోయిందేమో చూడండి, లేకపోతే కొత్త సీల్ కూడా కారుద్ది. 90 నంబర్ గేర్ ఆయిల్ పోసి బ్రేకులు బ్లీడ్ చేసి పైపుల్లో గాలి తీసేయండి. కమాన్ కట్టల్ని యాక్సిల్‌కి పట్టే యూ బోల్ట్‌లు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, కొన్ని ట్రిప్పులు తిరిగాక మళ్లీ బిగించాలి, అప్పుడే చాక్ కొలత ఇంకోసారి తీసుకుని పాతదాని పక్కన రాసుకోండి.