బైబిల్లో దేవుడి తీర్పు, కనికరం రెండూ కలిపి చదవడం ఎలా?

బైబిల్ మొదటి పేజీ నుంచి చదువుదాం అని కూర్చున్నవాళ్ళు చాలామంది జలప్రళయం దగ్గరో, సొదొమ దగ్గరో, కనాను యుద్ధాల దగ్గరో ఆగిపోతారు. ఇంత కోపం ఏంటి, ఆదివారం ప్రసంగంలో విన్న ప్రేమగల దేవుడు ఎక్కడ అని డౌట్ వస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు ఒక షార్ట్‌కట్ చెప్తారు, పాత నిబంధన దేవుడు కోపిష్ఠి, కొత్త నిబంధన దేవుడు ప్రేమామయుడు అని. వినడానికి బాగానే ఉంటుంది గానీ ఇది పని చెయ్యదు. రెండో శతాబ్దంలోనే మార్షియన్ అనే ఆయన దాదాపు ఇదే చెప్తే రోమ్ సంఘం 144లో ఆయన్ని బయటికి పంపేసింది. పైగా పుస్తకం తెరిచి చూస్తే నరకం గురించి సువార్తల్లో యేసే స్వయంగా చాలాసార్లు మాట్లాడతాడు, డబ్బు విషయంలో అబద్ధం చెప్పిన అననీయ సప్పీరా దంపతులు పడిపోయి చనిపోయింది అపొస్తలుల కార్యములు 5లో, అంటే కొత్త నిబంధనలో. అటు హోషేయ 11లో ఎఫ్రాయిమూ నిన్ను ఎలా విడిచిపెట్టనూ అని దేవుడు తల్లడిల్లేది పాత నిబంధనలో. కాబట్టి ఆ గీత చెరిపేసి మొదలుపెడదాం.

ముందు చెయ్యాల్సింది, నిర్గమకాండం 34:6-7 రెండు వచనాలూ బాగా చదివి గుర్తుపెట్టుకోవడం. కనికరం, దయ, దీర్ఘశాంతం, విస్తారమైన కృప, పాపాన్ని క్షమించడం అన్నీ వరసగా వస్తాయి, ఆ ఊపులోనే దోషుల్ని మాత్రం ఊరికే నిర్దోషులుగా వదిలెయ్యడు అని కూడా వస్తుంది. చాలామంది మొదటి సగమే ఫ్రేమ్ కట్టించుకుంటారు, కొంతమంది రెండో సగమే పట్టుకుని జనాన్ని భయపెడతారు, కానీ దేవుడు తన గురించి తాను చెప్పుకున్నది రెండూ కలిపే. ఎప్పుడు చెప్పాడో కూడా చూడాలి. రెండు అధ్యాయాల ముందే బంగారు దూడ గొడవ అయింది, మోషే కోపంతో పలకలు పగలగొట్టాడు, ఆ రోజు సుమారు మూడు వేలమంది చనిపోయారు. ఇప్పుడు కొత్త పలకలు చెక్కుకుని మోషే మళ్ళీ కొండెక్కితే అప్పుడు వచ్చిన మాట ఇది. ఈ వాక్యమే సంఖ్యాకాండం 14లో, నెహెమ్యా 9లో, కీర్తనలు 86, 103, 145లో, యోవేలు 2లో, యోనా 4లో, నహూము 1లో కొంచెం అటూ ఇటుగా మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. పెన్సిల్‌తో మార్క్ చేసుకుంటూ పోతే బైబిల్ రాసినవాళ్ళకి ఈ రెండు వచనాలు ఎంత ముఖ్యమో తెలిసిపోతుంది.

ఇక తీర్పు గురించిన భాగం ఏది వచ్చినా అక్కడితో ఆగకండి, ముందు వెనక చదవండి. ముందు ఎంత టైమ్ ఇచ్చాడు, పాపం అని దేన్ని అన్నాడు, మధ్యలో ఎవరైనా బతిమాలారా, తర్వాత ఏమైంది, ఈ ప్రశ్నలు వేసుకోండి. ఆదికాండం 15లో అబ్రాహాముతో నీ సంతానం నాలుగు వందల ఏళ్ళు పరాయి దేశంలో ఉంటుంది, ఎందుకంటే అమోరీయుల, అంటే కనానులో ఉండే జనాల, అక్రమం ఇంకా నిండలేదు అంటాడు. కనాను యుద్ధాలు నచ్చకపోయినా సరే, ఆ కథ అంత వెనకనుంచి మొదలైందని తెలిసి చదవడం వేరు, తెలియకుండా చదవడం వేరు. సొదొమ విషయంలో యాభై మంది నీతిమంతులు అని మొదలుపెట్టి అబ్రాహాము పదిమంది దాకా బేరం దించుతూ వస్తాడు, దేవుడు ఒక్కసారి కూడా కాదనడు. ఇక సొదొమ పాపం ఏంటని ఎవర్నడిగినా లైంగిక పాపం అని ఒకే మాట చెప్తారు, కానీ యెహెజ్కేలు 16:49 తీసి చూడండి, గర్వం, కడుపునిండా తిండి, నిశ్చింతగా సుఖపడటం, పేదవాళ్ళని ఆదుకోకపోవడం అని లిస్ట్ ఉంటుంది, ఆ తర్వాతే అసహ్యమైన పనుల మాట. ఈ వచనం మీద ప్రసంగాలు తక్కువ ఎందుకో నాకు అర్థం కాదు, బహుశా అందరికీ తగులుతుంది కాబట్టేనేమో.

జలప్రళయంలో అయితే ఒక చిత్రం ఉంది. మనుషుల హృదయంలోని ఊహంతా చెడ్డదే అని చూసి తీర్పు తెచ్చాడు, అది ఆదికాండం 6:5. ఓడ దిగాక 8:21లో మనిషి హృదయం చిన్నప్పటినుంచీ చెడ్డదే కాబట్టి ఇంకెప్పుడూ నేలని ఇలా శపించను అంటాడు. కారణం అదే, ముందు శిక్షకి చెప్పాడు, తర్వాత ఓర్చుకోవడానికి చెప్పాడు. నీళ్ళు మనిషిని మార్చలేదు, ఆ సంగతి తెలిసే మాట ఇచ్చాడు.

యోనా, నహూము రెండూ ఒకే కూర్చున్నంతసేపట్లో చదవండి, రెండూ చిన్నవే, కలిపి ఏడు అధ్యాయాలు. రెండూ నీనెవె గురించే, అష్షూరు వాళ్ళ పట్నం, ఇప్పటి ఇరాక్‌లో మోసుల్ పక్కన ఉండేది. యోనా వెళ్ళి ఇంకా నలభై రోజుల్లో నీనెవె నాశనం అంటాడు, అంతే, మారితే వదిలేస్తానని ఒక్క ముక్క కూడా చెప్పడు. అయినా రాజు సింహాసనం దిగి బూడిదలో కూర్చుంటాడు, పశువులకి కూడా గోనెపట్టలు కప్పిస్తారు, ఒకవేళ దేవుడు మనసు మార్చుకుంటాడేమో అని. దేవుడు వదిలేస్తాడు. మరి చెప్పింది జరగలేదు కదా అంటే యిర్మీయా 18:7-10 చూడండి, ఒక జనాన్ని పెళ్ళగిస్తానని నేను చెప్పినా వాళ్ళు చెడుతనం మానితే నేను ఆ కీడు చెయ్యను అని అక్కడ రూల్‌లాగా రాసి ఉంది. హెచ్చరిక ఇచ్చేదే జరగకూడదని. అసలు కామెడీ యోనాదే, ఆయన అలుగుతాడు, నువ్వు కనికరంగల దేవుడివని నాకు తెలుసు, అందుకే పారిపోయాను అని నిర్గమ 34 మాటలే తీసి దేవుడి మీద కంప్లైంట్ చేస్తాడు. కనికరం తనకి చేప కడుపులో కావాలి గానీ శత్రువుకి ఇస్తే మాత్రం మంట.

తర్వాత నహూము తియ్యండి. అదే నీనెవె, మళ్ళీ రక్తపాతం, మళ్ళీ దోపిడీ, ఈసారి నహూము 1:3లో అదే వాక్యంలోంచి దీర్ఘశాంతుడు అన్నదీ, నిర్దోషులుగా ఎంచడు అన్నదీ రెండూ వస్తాయి. క్రీస్తుపూర్వం 612లో ఆ పట్నం కూలిపోయింది. రెండు పుస్తకాలూ ప్రశ్నతోనే ముగుస్తాయి, ఒకటి కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవైవేల మందికంటే ఎక్కువ మనుషులూ పశువులూ ఉన్న పట్నం మీద నేను జాలిపడకూడదా అని, ఇంకోటి నీ క్రూరత్వం తగలనివాళ్ళు ఎవరున్నారు అని. రెండో ప్రశ్న చదివినప్పుడు బాధితుల వైపు నుంచి చదవండి. అష్షూరు సైన్యం కాళ్ళకింద నలిగిన జనానికి తీర్పు అనే మాట భయం కాదు, ఇన్నాళ్ళకి ఎవరో పట్టించుకున్నారు అన్న కబురు. తీర్పే లేని దేవుడు కావాలి అనడం హాయిగా బతికే మనకి ఈజీ.

ఇప్పుడు అందరూ తడబడే చోటు, క్షమించాక కూడా శిక్ష ఎందుకు? దీనికి దావీదు కథ, 2 సమూయేలు 11, 12 నిదానంగా చదవాలి. బత్షెబతో చేసిన వ్యభిచారం దాచడానికి ఆమె భర్త ఊరియాని చంపించాలి, ఆ చంపించమన్న ఉత్తరాన్ని ఊరియా చేతికే ఇచ్చి సేనాపతి యోవాబు దగ్గరికి పంపుతాడు దావీదు, అతను నమ్మకంగా మోసుకెళ్తాడు. ప్రవక్త నాతాను వచ్చి నేరుగా తిట్టడు. ఒక పేదవాడు, వాడికున్నది కొనుక్కుని పెంచుకున్న ఒక్క చిన్న గొర్రెపిల్ల, పిల్లలతోపాటే పెరిగింది, వాడి ముద్దలోంచి తిని వాడి గిన్నెలోంచి తాగి వాడి ఒళ్ళో పడుకునేది, పక్కన మందలు మందలున్న ధనవంతుడు ఇంటికొచ్చిన చుట్టం కోసం తనవి వదిలేసి దాన్ని లాక్కుని కోయించాడు అని చెప్తాడు. దావీదు మండిపడి వాడు చావాల్సిందే, నాలుగింతలు కట్టాల్సిందే అంటాడు. తీర్పు ఆయన నోటే వచ్చేసింది. అప్పుడు నాతాను, ఆ మనిషివి నువ్వే.

నేను పాపం చేశాను అని దావీదు అనగానే ఆ వచనంలోనే జవాబు, యెహోవా నీ పాపం తీసేశాడు, నువ్వు చావవు. గ్యాప్ లేదు. కానీ కత్తి నీ ఇంటిని వదలదు అన్న మాట వెనక్కి తీసుకోలేదు, బత్షెబకి పుట్టిన పసిబిడ్డ చనిపోయాడు, తర్వాత దావీదు కొడుకులు అమ్నోను, అబ్షాలోము గొడవలు అన్నీ జరిగాయి. దీన్ని అర్థం చేసుకోవాలంటే దోషం వేరు, పర్యవసానం వేరు అని రెండు కాలమ్స్ పెట్టుకోండి. అప్పు రద్దయినా విరిగిన ఎముక అతకడానికి టైమ్ పట్టినట్టు. సంఖ్యాకాండం 14లో కూడా ఇంతే, జనం కనానుకి వెళ్ళమని తిరగబడితే, నీ మాట ప్రకారం క్షమించాను అని మోషేతో అంటాడు, వెంటనే ఈ తరం మాత్రం దేశం చూడదు, నలభై ఏళ్ళు అరణ్యంలోనే అంటాడు. జనాన్ని వదిలెయ్యలేదు, మన్నా ఆగలేదు, వాళ్ళ పిల్లలు లోపలికెళ్ళారు. పసిబిడ్డ చావు మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు, ఏదో ఒక వివరణతో దాన్ని సాఫీగా చేసేవాళ్ళని చూస్తే నాకు అనుమానమే. ఆ దావీదు బత్షెబలకే సొలొమోను పుట్టాడు, ప్రభువుకి ఇష్టుడు అని ఆ నాతాను ద్వారానే పేరు పంపించాడు దేవుడు. అయినా మత్తయి 1 వంశావళిలో ఆమెని ఊరియా భార్యగానే రాశారు. క్షమించడం అంటే ఊరియాని చెరిపెయ్యడం కాదని మత్తయికి తెలుసు.

తండ్రుల పాపం మూడు నాలుగు తరాల మీదికి అన్న మాట చాలామందిని వేధిస్తుంది, మా ఇంట్లో కష్టాలన్నీ తాతల శాపమేనా అని. ద్వితీయోపదేశకాండం 24:16, యెహెజ్కేలు 18 రెండూ చదవండి, కొడుకు తండ్రి దోషం మోయడు అని సూటిగా ఉంది. బబులోను చెరలో ఉన్నవాళ్ళు తండ్రులు పుల్లని ద్రాక్షకాయలు తిన్నారు, పిల్లల పళ్ళు పులిశాయి అని సామెత చెప్పుకుంటుంటే ఇక ఆ సామెత కట్టిపెట్టండి అన్నాడు. పెద్దవాళ్ళ పాపం పిల్లల బతుకుని పాడుచేస్తుంది, అది కళ్ళముందే కనిపిస్తుంది, కానీ పిల్లలు దానికి దోషులు కారు. వంశ శాపం తీసేస్తామని డబ్బులు అడిగేవాళ్ళ దగ్గరికి వెళ్ళేముందు ఆ అధ్యాయం ఒక్కసారి పూర్తిగా చదువుకోండి.

ఇంకో జాగ్రత్త. ఎక్కడైనా భూకంపం వస్తే చాలు, పాపానికి తీర్పు అని వాట్సాప్‌లో వచనాలు తిరుగుతాయి. లూకా 13 మొదటి ఐదు వచనాలు అందుకే రాసినట్టుంటాయి. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు, వాళ్ళు యెరూషలేములో ఉన్న అందరికంటే పాపులనుకుంటున్నారా అని యేసే అడిగి, కాదు అని యేసే చెప్పి, మీరు మారుమనస్సు పొందండి అని విన్నవాళ్ళ వైపు తిప్పేస్తాడు. యోహాను 9లో పుట్టుగుడ్డివాడి విషయంలోనూ ఎవరి పాపం అని లెక్కతీసే పని ఒప్పుకోడు. యేసుని చేర్చుకోని సమరయ ఊరి మీద అగ్ని కురిపిద్దామా అన్న శిష్యులు యాకోబు యోహానులకి చీవాట్లు పడ్డాయి. ఆమోసు మొదటి రెండు అధ్యాయాలు కూడా ఇదే పద్ధతి, దమస్కు, గాజా, తూరు, ఎదోము, అమ్మోను, మోయాబు అని పక్కవాళ్ళ పాపాలు ఒక్కొక్కటే చదువుతుంటే వినేవాళ్ళు ఆమేన్ ఆమేన్ అంటుంటారు, తర్వాత యూదా, చివరికి ఇశ్రాయేలు, అందరికంటే పొడవైన చార్జిషీటు వాళ్ళదే, చెప్పులజోడు కోసం బీదవాణ్ణి అమ్మేశారు అని. తీర్పు వచనం చదివి పక్కింటివాడి మొహం గుర్తొస్తే ఆ అధ్యాయం ఇంకా మనకి చేరలేదన్నమాట.

సిలువ దగ్గరికి వచ్చేసరికి చాలామంది తొందరపడి తీర్పు అయిపోయింది ఇక కనికరమే అనేస్తారు. రోమా 3:25-26 అలా అనదు, దేవుడు నీతిమంతుడిగా ఉంటూనే యేసుని నమ్మినవాణ్ణి నీతిమంతుడిగా తీర్చేవాడై ఉండటానికి అంటుంది, నిర్గమ 34లో పక్కపక్కన ఉన్న రెండు ముక్కలూ అక్కడ ఒక మనిషి మీద కలుస్తాయి. అది ఎలా జరిగిందనే దానిమీద సంఘాల్లో రకరకాల వివరణలున్నాయి, దానికి ఇంకో పోస్ట్ కావాలి. రోమా 1 కూడా చదవండి, అక్కడ ఉగ్రత అంటే పిడుగు పడటం కాదు, వాళ్ళు కోరుకున్నదానికే వాళ్ళని వదిలెయ్యడం, మూడుసార్లు ఆ మాటే వస్తుంది. నాకైతే పిడుగుకంటే ఇదే ఎక్కువ భయం.

కొన్ని చోట్ల ఈ పద్ధతులేవీ పూర్తిగా పనిచెయ్యవు, దేవుడి పలకలుంచిన పెట్టె, మందసం, పడిపోబోతే పట్టుకుని అక్కడికక్కడే చనిపోయిన ఉజ్జా సంగతి లాంటివి. దావీదుకే ఆ రోజు కోపం, భయం రెండూ వచ్చాయని 2 సమూయేలు 6లో రాసి ఉంది. అలాంటి చోట మార్జిన్లో ప్రశ్న గుర్తు పెట్టి ముందుకెళ్ళండి, యోబు, హబక్కూకు, అబ్రాహాము అందరూ దేవుణ్ణి నిలదీసినవాళ్ళే, వాళ్ళని ఎవరూ గుంపులోంచి తీసెయ్యలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఈ వారం నిర్గమకాండం 32 నుంచి 34 వరకు చదవండి, తర్వాత 2 సమూయేలు 11, 12, ఆ వెంటనే కీర్తన 51, తర్వాత యోనా, నహూము, ఆఖర్న లూకా 13 మొదటి తొమ్మిది వచనాలు. యెహోషువ, న్యాయాధిపతులు మాత్రం ఇవన్నీ అయ్యాకే ముట్టుకోండి.