రెండు ప్రాంతాల సాగును పోల్చడం ఎలా: పుట్టి లెక్క నుంచి సాంకేతిక అంతరం దాకా

పెన్నా కింద నెల్లూరు మాగాణిలో వచ్చిన వరి దిగుబడిని, ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మెట్టలో వచ్చిన కంది దిగుబడిని పక్కపక్కన పెట్టి, మెట్ట రైతు వెనకబడ్డాడని తేల్చేయడం తేలిక. ఆసియా, ఆఫ్రికా దేశాల సేద్యాన్ని పోల్చేటప్పుడు కూడా ఇదే తొందరపాటు కనబడుతుంది. అంతరం ఎంత అన్నదానికన్నా, అందులో నీటి వాటా ఎంత, సాంకేతికత వాటా ఎంత, రైతు నిర్వహణ వాటా ఎంత అని విడదీయడమే అసలు పని.

ముందుగా కొలతలు సరిచేసుకోవాలి. నెల్లూరులో ధాన్యం పుట్టి అంటే 850 కిలోలు. ఎకరాకు మూడు పుట్లు పండితే 2,550 కిలోలు, హెక్టారుకు 2.47 ఎకరాల చొప్పున అది సుమారు 6.3 టన్నులు. అయితే ఇది ధాన్యం. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వరి దిగుబడిని ధాన్యంగానే చూపుతుండగా, మన కేంద్ర ప్రభుత్వ గణాంకాలు బియ్యంగా చూపుతాయి. ధాన్యంలో మూడింట రెండు వంతులు బియ్యమనుకుంటే ఆ 6.3 టన్నులు 4.2 టన్నులవుతాయి. ఈ తేడా గమనించనివారికి ఇక్కడే లేని అంతరం పుట్టుకొస్తుంది.

హద్దులూ చూసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో ప్రకాశం నుంచి కందుకూరు నెల్లూరు జిల్లాకు, చీరాల, అద్దంకి బాపట్ల జిల్లాకు వెళ్లాయి కాబట్టి, అంతకు ముందరి జిల్లా సగటును తర్వాతి సగటుతో నేరుగా పోల్చకూడదు. ఈశాన్య రుతుపవనాల మీద ఆధారపడిన నేల కనుక ఒక్క ఏడాది అంకెను నమ్మకుండా కనీసం ఐదేళ్ల సగటు తీసుకోవాలి. ఎడగారు అనే రెండో పంటను వదిలేస్తే మాగాణి ఉత్పాదకత తక్కువగా కనబడుతుంది.

పంటలు వేరైనప్పుడు టన్నులు కుదరవు. రెండు ప్రాంతాలకూ ఒకే స్థిర ధరలతో విలువ కట్టాలి. ఆపై ఎకరాకు, మనిషికి విడివిడిగా లెక్కించాలి. ఎకరా దిగుబడిని మనిషికి వచ్చే ఎకరాలతో గుణిస్తే మనిషి దిగుబడి వస్తుంది కాబట్టి, కమతాలు చిన్నవైన చోట నేల బాగా పండినా శ్రమ ఫలం తక్కువే కావచ్చు.

ఇక విడదీసే పద్ధతి. సగటు రైతు ఎకరాకు 3 క్వింటాళ్ల కంది తీశాడని, అదే ప్రాంతంలో అవే పెట్టుబడులతో మేటి రైతు 5 తీశాడని, ఏ ప్రాంతంలోనైనా ఆ పెట్టుబడులతో సాధ్యమైన గరిష్ఠం 10 అని అనుకుందాం. మూడును ఐదుతో భాగిస్తే వచ్చే 0.6 స్థానిక సామర్థ్యం; ఐదును పదితో భాగిస్తే వచ్చే 0.5 సాంకేతిక నిష్పత్తి. రెండింటి లబ్ధం 0.3, అంటే గరిష్ఠంతో పోలిస్తే సగటు రైతు మొత్తం సామర్థ్యం. మొదటిదాన్ని సలహా, శిక్షణ, సకాలంలో అప్పు పెంచగలవు. రెండోదానికి కొత్త విత్తనం, నీరు, యంత్రం కావాలి. ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు.

ఆఫ్రికా అనుభవం దీనికి మంచి పాఠం. ఎరువుల వాడకాన్ని హెక్టారుకు 8 కిలోల పోషకాల నుంచి 2015 నాటికి 50 కిలోలకు పెంచాలని 2006లో నైజీరియా రాజధాని అబుజాలో ఆఫ్రికా దేశాధినేతలు తీర్మానించినా, సహారా దిగువ ప్రాంతం ఆ లక్ష్యాన్ని అందుకోలేదు. అక్కడ సాగు చాలా భాగం వర్షాధారం. తడి లేని నేలలో ఎరువుకు ఖర్చు పెట్టడానికి ఏ రైతైనా వెనకాడతాడు. అందుకే ఆ పడమటి మెట్టలోని కనిగిరికి పోలిక వెతికేటప్పుడు పెన్నా మీది సోమశిల జలాశయం నీరందే ఆయకట్టును కాక, దాదాపు అంతే వర్షంతో, అలాంటి నేలలోనే కంది వేసే మరో ప్రాంతాన్ని ఎంచుకోవాలి.