గేమ్ కోడ్ రిడీమ్ చెయ్యడం నేర్చుకుందాం, 3వ భాగం: పాస్‌వర్డ్ అడుగుతున్న విండో ఎవరిది?

పోయిన భాగంలో స్టీమ్ (కంప్యూటర్ గేమ్స్ కొని ఆడుకునే యాప్) కీ, అంటే గేమ్ కోడ్, ఎలా ఉంటుందో చూశాం, ఐదేసి అక్షరాలు మూడు ముక్కలు, మధ్యలో గీతలు. అది చేతికొస్తే స్టీమ్ యాప్‌లోనే గేమ్స్ మెనూలో 'యాక్టివేట్ ఎ ప్రొడక్ట్' అని ఉంటుంది, అక్కడ కొడితే పనైపోతుంది, మధ్యలో మూడో మనిషి ఉండడు. చిక్కల్లా కీ చేతికి రాకముందే. హంబుల్ బండిల్ లాంటి షాపుల్లో డబ్బులు కట్టేశాక "ముందు మీ స్టీమ్ అకౌంట్ లింక్ చెయ్యండి" అంటుంది, అక్కడ కొంతమంది భయపడిపోయి కొన్న గేమ్ అలాగే వదిలేస్తారు, ఇంకొంతమంది ఏది అడిగితే అది టకటకా కొట్టేస్తారు. ఇద్దరికీ నష్టమే.

అసలు అక్కడ ఏం జరుగుతుందో ముందు తెలుసుకోండి. కాలేజీవాళ్ళు ఆదాయం సర్టిఫికెట్ అడిగితే మనం మీసేవకి వెళ్ళి అప్లై చేస్తాం, ఎంక్వయిరీ అంతా ఎమ్మార్వో ఆఫీసువాళ్ళు చేసుకుంటారు, కాలేజీకి ఇచ్చేది ఆ కాగితం ఒక్కటే. 'సైన్ ఇన్ త్రూ స్టీమ్' కూడా అంతే. షాపు మిమ్మల్ని స్టీమ్ వాళ్ళ సొంత పేజీకి పంపిస్తుంది, పాస్‌వర్డ్ అక్కడ స్టీమ్‌కే ఇస్తారు, స్టీమ్ వెనక్కి తిరిగి షాపుకి "అవును, ఈ మనిషే" అని ఒక నంబర్ పంపుతుంది, 17 అంకెలది, 7656119తో మొదలవుతుంది. ఈ పద్ధతి పేరు ఓపెన్ఐడీ. ఆ నంబర్ రహస్యమేం కాదు, దాంతో మీ పబ్లిక్ ప్రొఫైల్ చూడొచ్చు గానీ మీ అకౌంట్‌లోకి దూరలేరు. అంటే షాపు మంచిదా కాదా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, మీరు పాస్‌వర్డ్ కొడుతున్న ఆ పేజీ నిజంగా స్టీమ్‌దేనా?

మా అక్క కొడుకు విషయం చెప్తాను. ఇంటర్ సెకండియర్. తెలిసిన ఫ్రెండ్ అకౌంట్ నుంచే మెసేజ్ వచ్చింది, ఫలానా చోట కోడ్ రిడీమ్ చేసుకుంటే గేమ్ ఫ్రీ అని. నొక్కాడు, చిన్న లాగిన్ విండో వచ్చింది, పాస్‌వర్డ్ కొట్టాడు, ఫోన్లో వచ్చిన ఐదక్షరాల కోడ్ కూడా కొట్టాడు. కాసేపటికి అకౌంట్ మెయిల్ ఐడీ మారిపోయింది. మూడేళ్ళు దాచుకున్న డబ్బులతో కొనుక్కున్న గేమ్స్ అన్నీ అందులోనే. రాత్రి ఫోన్ చేసి ఏడుస్తూ ఒకటే మాట, "మావయ్యా, అడ్రస్ చూశాను, కరెక్టుగానే ఉంది, తాళం గుర్తు కూడా ఉంది." వాడు అబద్ధం చెప్పలేదు. అడ్రస్ కరెక్టుగానే ఉంది, కాకపోతే అది అడ్రస్ బార్ కాదు, అడ్రస్ బార్ బొమ్మ. పైన పట్టీ, తాళం, స్టీమ్‌కమ్యూనిటీ డాట్ కామ్ అన్న అక్షరాలు, మూలన క్లోజ్ చేసే ఇంటూ గుర్తు, అన్నీ ఆ పేజీలోనే గీసి పెట్టారు. దీన్ని బ్రౌజర్ ఇన్ ద బ్రౌజర్ అంటారు, 2022 నుంచి స్టీమ్ వాడేవాళ్ళ మీద బాగా వాడుతున్నారు. చూడు చూడు అని అందరం చెప్తాం గానీ ఎక్కడ చూడాలో ఎవరూ చెప్పరు, ఆ పిల్లాడి తప్పేం ఉంది?

అందుకే ఈ భాగంలో నేర్చుకోవాల్సింది చేత్తో చేసే పరీక్ష. కంప్యూటర్లో లాగిన్ విండో వచ్చిందా, దాని పై పట్టీని మౌస్‌తో పట్టుకుని వెనకున్న బ్రౌజర్ అంచు దాటించి బయటికి లాగండి. నిజమైన విండో అయితే హాయిగా డెస్క్‌టాప్ మీదకి వచ్చేస్తుంది. బొమ్మ అయితే అంచు దగ్గర ఆగిపోతుంది, లేదా దాటినంత మేర కనిపించకుండా పోతుంది, ఎందుకంటే అది పేజీలో ముక్క, పేజీ దాటి రాలేదు. ఇంకోటి, వెనక బ్రౌజర్‌ని మినిమైజ్ చెయ్యండి, దాంతోపాటు లాగిన్ విండో కూడా మాయమైతే అనుమానించండి. ఇప్పుడే ఏదైనా తెలిసిన సైట్లో గూగుల్‌తో లాగిన్ నొక్కి విడిగా విండో వస్తే ఒకసారి లాగి చూడండి, చేతికి అలవాటు పడాలి.

దీనికన్నా తేలికైనది నేను రోజూ చేసేది. షాపు పేజీ తెరవకముందే వేరే ట్యాబ్‌లో స్టీమ్ అడ్రస్ నేనే టైప్ చేసి లాగిన్ అయి ఉంటాను. ఆ తర్వాత షాపులో లింక్ నొక్కితే అసలు స్టీమ్ పేజీ నన్ను గుర్తుపట్టి నా ఫొటో, పేరు చూపించి సైన్ ఇన్ అనే బటన్ ఒక్కటే ఇస్తుంది. పాస్‌వర్డ్ అడిగిందంటే అక్కడే ఆగిపోతాను, పక్క ట్యాబ్‌లో లాగిన్ అయ్యే ఉన్నానో లేదో చూసుకుని అప్పుడు ఆలోచిస్తాను. పాస్‌వర్డ్ మేనేజర్, అంటే మన పాస్‌వర్డ్‌లు దాచిపెట్టి సరైన సైట్లో నింపే యాప్, కూడా మంచి కాపలా, అడ్రస్‌లో ఎమ్ అక్షరం బదులు ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే మన కళ్ళు మోసపోతాయి గానీ అది మోసపోదు, తనంతట తను పాస్‌వర్డ్ నింపదు. నింపలేదని విసుక్కుని మీరు కాపీ చేసి అతికించారో, కాపలావాణ్ణి పక్కకి నెట్టినట్టే.

తాళం గుర్తు గురించి ఒక్క మాట. మీకూ ఆ సైట్‌కీ మధ్య మాటలు ఇంకొకడు వినలేడని మాత్రమే దానర్థం. ఆ సైట్ దొంగదైనా తాళం ఉండొచ్చు.

ఫోన్లో లాగి చూసే వీలు లేదు. కాబట్టి ఏదైనా యాప్ లోపలే, అడ్రస్ కనపడకుండా లాగిన్ పేజీ తెరుచుకుంటే అందులో ఏమీ కొట్టొద్దు, క్రోమ్‌లో విడిగా తెరవండి. గూగుల్ అయితే ఇలా యాప్ లోపల దాగిన బ్రౌజర్లలో తన లాగిన్ తెరవనివ్వడం 2021లోనే ఆపేసింది. మన పిల్లలు ఎక్కువ ఆడే ఫ్రీ ఫైర్ రిడెంప్షన్ పేజీలో కూడా ఫేస్‌బుక్, గూగుల్ లాంటి వాటితోనే లాగిన్ అవ్వాలి, గెస్ట్ అకౌంట్‌కి కోడ్ పనిచెయ్యదు. సరిగ్గా ఆ అవసరం చూసుకునే దొంగ పేజీలు పెడతారు, పిల్లాడికి కావాల్సింది డైమండ్స్ (ఆ ఆటలో వాడే డబ్బులు), వాళ్ళకి కావాల్సింది అమ్మ గూగుల్ అకౌంట్.

క్యూఆర్ కోడ్‌తో లాగిన్ ఇంకో దారి, పాస్‌వర్డ్ కొట్టక్కర్లేదు కాబట్టి సేఫ్ అనుకుంటారు. దొంగవాడు తన కంప్యూటర్లో తెరిచిన అసలు క్యూఆర్‌నే మీకు చూపిస్తే? మీరు ఫోన్లో ఓకే నొక్కితే లోపలికి వెళ్ళేది వాడు. స్టీమ్ యాప్ ఓకే అడిగేటప్పుడు ఎక్కడి నుంచి లాగిన్ అవుతున్నారో చూపిస్తుంది, ఆ ఊరు చదవకుండా వేలు పెట్టొద్దు.

ఈపాటికే ఎక్కడో కొట్టేసి ఉంటే పాస్‌వర్డ్ మార్చండి, స్టీమ్ గార్డ్ (స్టీమ్ అకౌంట్ భద్రత) సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అన్ని డివైసుల నుంచీ సైన్ అవుట్ చెయ్యండి, వెబ్ ఏపీఐ కీ (మీ అకౌంట్ పేరుతో ప్రోగ్రామ్‌లు స్టీమ్‌తో మాట్లాడే కీ, గేమ్ కోడ్ కాదు) పేజీలో మీరు పెట్టని కీ కనిపిస్తే తీసెయ్యండి, చాలామంది మర్చిపోయేది ఇదే. డబ్బులు కూడా పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చెయ్యాలి, తెల్లారాక చూద్దాం అనుకోకూడదు.

వచ్చే భాగానికి ఒక హోంవర్క్. గూగుల్ అకౌంట్‌లో థర్డ్ పార్టీ కనెక్షన్స్, ఎపిక్ (స్టీమ్ లాంటిదే ఇంకో గేమ్స్ సంస్థ) అకౌంట్‌లో యాప్స్ అండ్ అకౌంట్స్, ఈ రెండు పేజీలు తెరిచి ఎవరెవరికి ఏమేం అనుమతి ఇచ్చారో కాగితం మీద రాసుకోండి. ఇంకా ఏదీ తీసెయ్యకండి. స్టీమ్ పంపేది నంబరే అన్నాను కదా, ఎపిక్ అలా కాదు, లింక్ చేసేటప్పుడు షాపు ఏమేం చూడొచ్చో జాబితా ఇచ్చి అనుమతి అడుగుతుంది, ఆ జాబితాని ఒక్కో లైనూ కలిసి చదువుదాం.